ఒకే ఇంట్లో రెండు కంచాలు

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మా బాబుకి మొన్ననే మూడేళ్ళు నిండాయి, బరువు 12.5 కిలోలు. మా అత్తగారు చూసినప్పుడల్లా ఎముకలు తేలిపోయాయి, తల్లికి పెట్టడం చేతకాదు అంటారు. ఫోన్‌లో రైమ్స్ పెట్టి గంటసేపు తినిపిస్తా, ఆఖరి ముద్ద బుగ్గన పెట్టుకుని మింగడు, ఒక్కోసారి కక్కేస్తాడు. పాపకి తొమ్మిదేళ్ళు, కాస్త బొద్దుగా ఉంటుందని చిరుతిళ్ళ డబ్బా పై అరలో దాచేశా. మొన్న పక్క దులుపుతుంటే దాని దిండు కింద చేగోడీలు కనిపించాయి. ఏడుపొచ్చింది.

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మూడేళ్ళ మగపిల్లల సగటు 14.3 కిలోలు, 11.3 కన్నా తగ్గితేనే తక్కువ బరువంటారు, మీవాడు అందులో లేడు. ఏడాది నిండేసరికి పుట్టిన బరువుకి మూడింతలవుతారు, రెండేళ్ళు దాటాక ఏడాదికి సుమారు రెండు కిలోలే పెరుగుతారు కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది, అది జబ్బు కాదు. పాలు రోజుకి అరలీటరు దాటితే అన్నం ఇంకా సయించదు, అది చూసుకోండి.

మీరు బాబుని సన్నం అనుకుని కుక్కుతున్నారు, పాపని లావు అనుకుని కట్టేస్తున్నారు, రెండిట్లోనూ పిల్లల ఆకలి మాట ఎవరూ వినట్లేదు. అమెరికాలో లీయాన్ బర్చ్, జెన్నిఫర్ ఫిషర్ 1999లో పిల్లల మీద చేసిన పరిశోధనలో, కంటికి కనిపిస్తూ చేతికందని తిండి మీదే పిల్లల ధ్యాస ఎక్కువైందని తేలింది. దిండు కింద చేగోడీలు అందుకే, పాపని తిట్టకండి, పాపం అది దొంగతనం అనుకోకండి. దాని ముందు బొద్దు అనే మాట ఎవరూ అనొద్దు, అత్తగారు కూడా. బరువు ఎక్కువో కాదో ఎత్తుతో కలిపి డాక్టర్ చూసి చెప్పాలి, మన కంటికి తెలీదు.

ఇవాళ్టి నుంచి సాయంత్రం ఇద్దరికీ ఒకే చిరుతిండి, ఒకే టైముకి, ప్లేట్లో. రాత్రి అన్నం ఫోన్ లేకుండా, బాబుకి కొంచెమే పెట్టండి, అడిగితే మళ్ళీ వెయ్యండి, అరగంటలో కంచం తీసేయండి, వెనక బిస్కెట్లు మాత్రం ఇవ్వొద్దు. బలవంతం మానేశాక కూడా కక్కుతుంటే, లేదా రెండు మూడు నెలలు బరువు కదలకపోయినా, డాక్టర్‌కి చూపించండి. ఈసారి అంగన్‌వాడీలో తూకం వేసే రోజు అత్తగారిని కూడా తీసుకెళ్ళి, ఎదుగుదల కార్డు మీద బాబు బరువు చుక్క ఆవిడ చేతే పెట్టించండి.