గెలుస్తున్నా జనం అసంతృప్తిగా ఉన్నారంటే

సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ గేమ్‌లో యుద్ధాలు వరుసగా గెలుస్తున్నా నగరాల్లో అమెనిటీలు (జనాన్ని సంతోషంగా ఉంచే సౌకర్యాల లెక్క) పడిపోతున్నాయని అడిగారు కదా. అది యుద్ధం మీద జనానికి వచ్చే విసుగండీ. ప్రతి పోరుకీ పెరుగుతుంది. సొంత గడ్డ మీదకన్నా శత్రువు నేల మీద ఎక్కువ, దళం చచ్చిపోతే ఇంకా ఎక్కువ. ఈ విసుగు 400 పాయింట్లు పెరిగితే ఒక అమెనిటీ పోతుంది. కాబట్టి ప్రాణం ఎర్రగీత దాకా పడిపోయిన దళాన్ని మళ్ళీ శత్రు నగరం గోడ మీదకి పంపకండి, వెనక్కి లాగి కోలుకోనివ్వండి. నేనైతే అనుకున్న నగరం చేతికి రాగానే సంధి చేసుకుంటాను. దాంతో విసుగు ఒకేసారి 2000 పాయింట్లు తగ్గుతుంది, యుద్ధం సాగుతుంటే టర్న్‌కి 50 మాత్రమే. ఈలోగా మిగులు లగ్జరీలు (అమెనిటీలిచ్చే విలాస సరుకులు) వేరే దేశాలకి ఇచ్చి మీ దగ్గర లేని రకాలు తీసుకోండి. ఉన్న రకమే ఇంకోటి వచ్చినా అమెనిటీ పెరగదు.