85 వేల ‘గ్రీన్ హార్డ్‌వేర్’ కోర్సు: కట్టాలా, వద్దా?

ప్రశ్న: మాది ఒంగోలు. నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. కోడింగ్ మీద మనసు పోవడం లేదంటోంది. ఇంట్లో పాడైన మిక్సీ మొదలు ఫోను దాకా అన్నీ విప్పి బాగుచేస్తుంది. ఈమధ్య ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కాలేజీకి వచ్చారట. పర్యావరణానికి హాని చేయని కంప్యూటర్లకు గిరాకీ పెరుగుతోందని, ఆరు నెలల ‘గ్రీన్ హార్డ్‌వేర్’ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని చెప్పారట. ఫీజు 85 వేలు. పదో తేదీలోపు కడితే 10 వేలు తగ్గిస్తారట. బంధువులేమో ఆడపిల్లకు రిపేరు పనేంటి, సాఫ్ట్‌వేర్ నేర్పించమంటున్నారు. ఈ రంగం నిజంగా ఉందా? డబ్బు కట్టమంటారా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెబుతాను. రంగం నిజంగానే ఉంది. డబ్బు మాత్రం కట్టకండి. ఎందుకో వివరంగా రాస్తున్నాను. అమ్మాయి చేత కూడా చదివించండి.

పర్యావరణానికి హాని చేయని కంప్యూటర్ అనగానే కరెంటు తక్కువ తాగే కంప్యూటర్ అని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. ల్యాప్‌టాప్ కంపెనీలు తమ మోడళ్ల కర్బన లెక్కలు తామే ప్రకటిస్తుంటాయి. వాటిని చూస్తే, ఒక ల్యాప్‌టాప్ పుట్టిన దగ్గర్నుంచి మూలన పడేదాకా అయ్యే ఉద్గారాల్లో ఎక్కువ భాగం తయారీలోనే అయిపోతుంది. చిప్పులు, బోర్డు, స్క్రీన్ చేయడంలోనే ఆ భారమంతా ఉంది. అంటే మనం కొని స్విచ్ వేసేసరికే జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది. కాబట్టి ఉన్నదాన్ని మూడేళ్లకు పారేయకుండా ఏడేళ్లు వాడటం అన్నిటికన్నా పెద్ద మేలు. ఈ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నడుం దగ్గర బిగుతైన ప్యాంటు ఆల్టరేషన్‌కి తెస్తే మీరు కుట్టు విప్పి, లోపల వదిలిన గుడ్డ ఎంతుందో చూస్తారు. ఆ గుడ్డ వదలకుండా కుట్టినవాడు ఆ ప్యాంటుకు రెండో జన్మ లేకుండా చేశాడన్నమాట. కంప్యూటర్లలో ఇప్పుడు నడుస్తున్న గొడవంతా ఇదే. ర్యామ్‌ని బోర్డుకే అతికించేసి, బ్యాటరీని జిగురుతో అంటించేసి, మార్చుకునే వీలు లేకుండా చేస్తే ఎలా అని.

ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్‌లు అమ్మేవాళ్లు ‘దీన్ని రిపేరు చేయడం ఎంత సులువు’ అన్నదానికి పదికి ఎన్ని మార్కులో ధర పక్కనే చూపించాలి. విప్పడం ఎంత తేలిక, స్పేర్ పార్టులు దొరుకుతాయా, వాటి ధరెంత, మాన్యువల్ ఇస్తున్నారా అనేవాటి మీద ఆ మార్కులు. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి ఫోన్లకు, ట్యాబ్లెట్లకు ఇంకా గట్టి నిబంధన పెట్టింది. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. అక్కడ అమ్మాలనుకునే కంపెనీ ఏ దేశానిదైనా డిజైన్ మార్చుకోక తప్పదు. ఆ డిజైన్ పనిలో కొంత బెంగళూరు, హైదరాబాద్ ఆఫీసుల్లో జరుగుతోంది.

మన దేశం సంగతికొద్దాం. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పారో లేదో గానీ, ఇక్కడ గిరాకీ పెరగడానికి అసలు కారణం చట్టం. 2022 ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత నిబంధనల్లో 21 రకాల వస్తువులుంటే వీటిలో 106 ఉన్నాయి. కంప్యూటర్ అమ్మిన కంపెనీ, కొన్నేళ్ల క్రితం తాను అమ్మినదాంట్లో ఇంత శాతానికి సరిపడా రీసైక్లింగ్ జరిగినట్టు సర్టిఫికెట్లు చూపించాలి. మొదటి రెండేళ్లు 60 శాతం, 2025-26 నుంచి 70, 2027-28 నుంచి 80. పాత సామాను బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చే రీఫర్బిషర్లకు కూడా ఈ చట్టంలో చోటుంది. వాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఒక కంప్యూటర్ ఆయుష్షు వాళ్లు పెంచితే, కంపెనీ రీసైక్లింగ్ బాధ్యత అంతకాలం వెనక్కి జరుగుతుంది. అంటే రిపేరుకు చట్టం దృష్టిలోనే ఒక విలువ వచ్చింది. నన్నడిగితే ఈ రంగంలో నమ్మకం పెట్టుకోవడానికి ఇదే గట్టి ఆధారం. ఫ్యాషన్ వస్తుంది, పోతుంది. లెక్క చూపించకపోతే జరిమానా పడుతుందంటే మాత్రం కంపెనీ మనిషిని పెట్టుకోవాల్సిందే.

దీనికి తోడు ఇంకో సంగతి జరిగింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి పైవాటికే వర్తిస్తుంది. అందుకే శుభ్రంగా పనిచేస్తున్న మెషీన్లను కూడా ఆఫీసులు బయటికి పంపుతున్నాయి. వాటిని స్క్రాప్‌గా పోనివ్వాలా, పార్టులు మార్చి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసి ఒక స్కూలుకో, చిన్న షాపుకో పనికొచ్చేలా చేయాలా? ఇది తేల్చగలిగేది చేతిపని తెలిసిన మనిషే.

ఆ పని ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చెబుతాను. నా సలహాతో డిప్లొమా తర్వాత రీఫర్బిషింగ్ యూనిట్లో చేరిన ఒక అబ్బాయి పనిచేసేచోట ఒక పూటంతా కూర్చున్నాను. ఒక కంపెనీ నుంచి వచ్చిన ల్యాప్‌టాప్ టేబుల్ మీద పెట్టగానే అతను స్క్రీన్ చూడలేదు, కీబోర్డు చూడలేదు. తిప్పి సీరియల్ నంబరు స్కాన్ చేశాడు. ఆ నంబరు కంపెనీ పంపిన జాబితాలో లేకపోతే ఆ ల్యాప్‌టాప్‌ని ముట్టుకోడు. తర్వాత వెనక మూత విప్పి, డిస్క్ తీసి, వేరే మెషీన్‌కి తగిలించి డేటా తుడిచేసి, తుడిచినట్టు రిపోర్టు తీశాడు. ఆ తర్వాతే మిగతా భాగాల జోలికి వెళ్లాడు. బ్యాటరీ చూశాడు. అది కొద్దిగా ఉబ్బినట్టు కనిపించింది. వేలితో కూడా నొక్కకుండా మెల్లగా తీసి, ఇసుక పోసిన డబ్బాలో పెట్టాడు. ఆ మెషీన్ ఆన్ కావడం లేదు. బోర్డు మీద ఏ లైన్‌కి వోల్టేజీ వస్తోందో మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లి, ఒక చిన్న కెపాసిటర్ షార్ట్ అయిందని పట్టుకున్నాడు. ఆవగింజంత ఉంటుందది. వేడిగాలితో పాతది తీసి, పాడైన ఇంకో బోర్డు నుంచి తీసిన కెపాసిటర్‌ని అక్కడ పెట్టాడు. ఫ్యాన్ తిరిగింది. నలభై నిమిషాల పని. ఆ మెషీన్‌ని ‘బి గ్రేడ్’ అని రాసి పక్కన పెట్టాడు. మూత మీద గీతలున్నాయి కాబట్టి ‘ఏ’ రాయలేదు.

అమ్మా, ఇందులో నువ్వు గమనించాల్సింది ఒకటుంది. ఆ నలభై నిమిషాల్లో టంకం వేసింది రెండు నిమిషాలే. మిగతాదంతా లెక్క, రికార్డు, భద్రత, ఓపిక. వీధిలో రిపేరు షాపుకి, ఈ రంగంలో ఉద్యోగానికి తేడా అదే. కంపెనీలు పాత కంప్యూటర్లను బయటికి పంపడానికి భయపడేది డేటా గురించే. డేటా పూర్తిగా పోయిందని రాతపూర్వకంగా చూపించగలిగిన యూనిట్‌కే వాళ్లు సామాను ఇస్తారు.

టంకం గురించి కూడా ఒక మాట. సీసం కలిసిన పాత టంకం 183 డిగ్రీల దగ్గర కరిగేది. సీసం విషం కాబట్టి యూరప్ 2006 జులై నుంచి ఆపించింది. మన ఈ-వ్యర్థాల నిబంధనలు కూడా సీసం 0.1 శాతం, కాడ్మియం 0.01 శాతం మించకూడదంటాయి, కొన్ని మినహాయింపులతో. ఇప్పుడు ఎక్కువగా వాడే తగరం, వెండి, రాగి మిశ్రమం 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. ఆ ముప్పై నాలుగు డిగ్రీల తేడాతోనే కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతిలో ప్యాడ్లు (బోర్డు మీద పార్టులు అతికే చిన్న రాగి బిళ్లలు) ఊడిపోతుంటాయి. చేసి చేసి రావాల్సిన పని ఇది. క్లాసులో స్లైడ్లు చూస్తే రాదు.

ఇప్పటిదాకా చెప్పిన రిపేరు మొదటి దారి. రెండో దారి రీసైక్లింగ్. 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయ్యాయని, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు వచ్చింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో తేల్చాయి. మిగిలినదాంట్లో చాలా భాగం ఎక్కడికెళ్తుందో ఢిల్లీలోని సీలంపూర్ చూసినవాళ్లకు తెలుసు. వైర్లు కాల్చి రాగి తీస్తారు, బోర్డులను యాసిడ్‌లో ముంచి బంగారం తీస్తారు. ఆ పొగ పీల్చేవాళ్లలో పిల్లలూ ఉన్నారు. నాకు ఈ రంగం మీద ఇంత పట్టుదల ఉండటానికి అదొక కారణం. అదే బంగారాన్ని ఎవరి ఊపిరీ తీయకుండా బయటికి తీసే పద్ధతులున్నాయి. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్ ప్రజలిచ్చిన పాత ఫోన్లు, చిన్న పరికరాల నుంచి 32 కిలోల బంగారం తీశారు. మన హైదరాబాద్ చర్లపల్లిలోని సి-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఈ-వ్యర్థాల మీద ప్రత్యేక కేంద్రం ఉంది. సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే టెక్నాలజీ మీద అక్కడ పని జరుగుతోంది. కేంద్రం కూడా 2025 సెప్టెంబర్‌లో కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కి 1,500 కోట్ల ప్రోత్సాహక పథకం ఆమోదించింది. పాత బ్యాటరీలు, ఈ-వ్యర్థాలు అందులోకి వస్తాయి.

అయితే ఈ దారిలో ముందుండేది మెటలర్జీ (లోహాల ఇంజినీరింగ్), కెమికల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లు. వరంగల్ ఎన్ఐటీ, ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ జేఎన్‌టీయూలో మెటలర్జీ ఉంది. ఇంటర్ పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే గుర్తుపెట్టుకోండి, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్‌లో ఆ బ్రాంచి చాలామంది కళ్లకు ఆనదు. మీ అమ్మాయి ఈసీఈలో ఉంది కాబట్టి తనకు రిపేరు, టెస్టింగ్, బోర్డు డిజైన్ దగ్గర. డేటా సెంటర్ల హార్డ్‌వేర్ నిర్వహణ కూడా దగ్గరే. విశాఖలో గూగుల్ ప్రకటించిన కేంద్రం లాంటివి వస్తే సర్వర్లు బిగించేవాళ్లతో పాటు, కొన్నేళ్లకు వాటిని దించి పార్టులు వేరుచేసేవాళ్లూ కావాలి.

మూడోది కాగితం పని. దీన్ని తక్కువగా చూడకండి. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి వెయ్యి పెద్ద లిస్టెడ్ కంపెనీలు ఏటా పర్యావరణ నివేదిక ఇవ్వాలి. ఎంత ఈ-వ్యర్థం వచ్చింది, ఏం చేశారన్నది కూడా అందులో రాయాలి. హార్డ్‌వేర్ తెలిసి, ఈ నివేదికలు రాయగలిగే ఇంజినీర్లు తక్కువ.

జీతం సంగతి దాచను. మొదటి రెండు మూడేళ్లు మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పోలిస్తే తక్కువే వస్తుంది. ఇంటి మీద పెద్ద అప్పు ఉండి, అమ్మాయి మొదటి జీతం మీదే వాయిదాలు కట్టాలనుకుంటే ఆ సంగతి ముందే ఆలోచించుకోండి. కొద్దో గొప్పో ఆగగలిగితే, చేతిపనీ నిబంధనలూ రెండూ తెలిసిన మనిషికి తర్వాత ఎదుగుదల ఉంటుంది.

ఇక కోర్సు. ‘గ్రీన్ హార్డ్‌వేర్’ అన్న పేరుతో ఉన్న సర్టిఫికెట్ చూసి ఉద్యోగమిచ్చిన కంపెనీ నాకు ఇంతవరకు తగల్లేదు. వాళ్లు అడిగేవి వేరే. బోర్డు చూసి తప్పు పట్టగలవా, సర్క్యూట్ చదవగలవా, నిబంధనలు తెలుసా? ఆ 85 వేలలో పదిహేను వేల లోపే ఖర్చుపెట్టి, వేడి అదుపు చేసుకునే సోల్డరింగ్ స్టేషన్, వేడిగాలి గన్ను, మంచి మల్టీమీటర్, ఒక డీసీ పవర్ సప్లై కొనివ్వండి. కిటికీ పక్కన టేబుల్ వేసి, పొగ బయటికి పోయేలా చిన్న ఫ్యాన్ పెట్టండి. ఉబ్బిన బ్యాటరీల జోలికి మాత్రం గురువు లేకుండా పోవద్దని గట్టిగా చెప్పండి. ఈ-వ్యర్థాల మీద ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ పాఠాలు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఉన్నాయి, వినడానికి ఉచితం. బోర్డు డిజైన్‌కి వాడే కైక్యాడ్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. సెలవుల్లో నెల రోజులు నమోదైన రీఫర్బిషింగ్ యూనిట్‌లో ఇంటర్న్‌షిప్ చేయించండి. నమోదైన యూనిట్ల పేర్లు కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కూడా ఈ అంశం మీదే చేస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత పని ఉంటుంది.

అమ్మా, నువ్వు విప్పిన ప్రతి వస్తువుకీ ఒక నోటుబుక్కులో ఒక పేజీ రాయి. లక్షణం ఏమిటి, ఎక్కడ కొలిచావు, ఎంత వచ్చింది, ఏది మార్చావు, బాగుపడిందా లేదా. బాగుపడనివి కూడా రాయి. యాభై పేజీలు నిండిన ఆ పుస్తకం పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లు.

‘ఆడపిల్లకు రిపేరు పనేంటి’ అన్న బంధువులకు ఒకటే చెప్పండి. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో బోర్డుల బిగింపు లైన్ల మీద పనిచేసేవాళ్లలో అమ్మాయిలే చాలామంది. కావాలంటే శ్రీసిటీ పారిశ్రామికవాడలో షిఫ్టు మారే వేళకి గేటు దగ్గర నిలబడి చూడమనండి. చేయడానికి పనికొచ్చిన చేతులు బాగుచేయడానికి పనికిరాకుండా పోవు.

ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఉద్యోగం గ్యారంటీ అన్నది కాగితం మీద రాసిస్తారా? గత బ్యాచ్‌లో చేరినవాళ్లలో ఇద్దరితో మాట్లాడిస్తారా? ఆరు నెలల్లో ఒక్కో విద్యార్థి చేతికి ఎన్ని పాడైన బోర్డులు ఇస్తారు? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెబితే నాకు మళ్లీ రాయండి, ఇంకోసారి ఆలోచిద్దాం. పదో తేదీని మాత్రం దాటిపోనివ్వండి. ఆ రోజు అమ్మాయిని తీసుకుని సోల్డరింగ్ స్టేషన్ కొనడానికి వెళ్లండి.