కోఠి హద్దుల్లో ఒక పూట

నల్లగొండ

బిడ్డా, ఆశీస్సులు.

తొమ్మిదో తరగతి పిల్లలను పట్నం తీసుకపోయి పోరాటాల జాగలు చూపిస్తనని రాసినవు. మంచి పని. కాని గోల్కొండ, చార్మినార్, ట్యాంక్‌బండ్ అన్నీ ఒక్క రోజుల పెట్టుకుంటే బస్సు కిటికీలకెల్లి చూసుడే అయితది. కోఠి చుట్టే ఉండు. నడక మూడు నాలుగు కిలోమీటర్లు దాటదు.

కోఠే ఎందుకంటే, నిజాం దర్బారుల బ్రిటిషోళ్ల ప్రతినిధి, రెసిడెంటు అంటరు, ఆయన ఉన్నది అక్కడ. రెసిడెన్సీ అనే ఆయన భవనమే కాదు, చుట్టున్న బజార్లు కూడా 1933 దాకా ఆయన పాలన కిందనే ఉండె. నిజాం పోలీసుల జోరు ఆ గల్లీలల్ల సాగకపోయేది. అందుకే 1857ల తిరగబడ్డోళ్లు దాడిచేసింది ఆ గోడ మీదికే, తర్వాత తెలుగు కోసం కూడినోళ్లు నీడ వెతుక్కున్నదీ ఆ గోడ పక్కనే. ఈ సంగతి బయలెల్లకముందే అర్థం చేయించు. బడిలనే ఒక తెల్లకాగితం మీద మూసీ, బస్టాండు, రెసిడెన్సీ, సుల్తాన్‌బజార్ గీయించి, రెసిడెంటు పాలన హద్దును ఎర్ర పెన్సిలుతో దిద్దించు. ఆ కాగితం పట్టుకొనే నడవాలె. హద్దు తెల్వని పిల్లలకు అక్కడ దుకాణాలు తప్ప ఏం కనపడయి.

ఎంజీబీఎస్ బస్టాండుల దిగి పుత్లీబౌలికి పొద్దున ఎనిమిదింటికల్లా చేరున్రి. సుల్తాన్‌బజార్ పదకొండు దాటితే అడుగు తీసి అడుగు పెట్టనియ్యదు. సంవత్సరాల వరుసల తిప్పాలని చూడకు, అదే రోడ్డు రెండుసార్లు దాటవలసి వస్తది. జాగల వరుసల నడువున్రి, ప్రతి జాగ పక్కన సంవత్సరం రాయించు. వరుస ఇంటికొచ్చినంక సర్దుకోవచ్చు.

పుత్లీబౌలి కాడ: 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ వెంట సుమారు 500 మంది రొహిల్లాలు (పఠాన్ సిపాయిలు) రెసిడెన్సీ మీదికి వచ్చిన్రు. పడమటి గోడకెదురుగ ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ ఇండ్లల్ల చొరబడి తుపాకులు పేల్చిన్రు. ఆ ఇండ్లను వెతుక్కుంట తిరగకున్రి. గోడకూ ఎదుటి వరుసకూ నడుమ ఎంత దూరమో అంచనా వేయించు, గుండు తగిలేంత దగ్గర. ఎందుకు ఓడిన్రని పిల్లలనే అడుగు. నిజాం దివాన్ సాలార్‌జంగ్ ముందే రెసిడెంటుకు కబురు పంపిండు, లోపల ఫిరంగులు సిద్ధంగ ఉండె. ఆ జవాబు వాళ్ల నోటినుంచే రానియ్యి.

అక్కడినుంచి వివేకవర్ధిని విద్యాసంస్థ. జర ఎక్కువసేపు ఆగవలసిన జాగ ఇది. 1921 నవంబరుల ఇక్కడ జరిగిన సంఘసంస్కరణ సభల అల్లంపల్లి వెంకటరామారావు తెలుగుల మాట్లాడవోతే గేలిచేసిన్రు. ఆ అవమానంలోనుంచే ఆంధ్రజనసంఘం పుట్టింది. అదే పెరిగి ఆంధ్రమహాసభ అయింది. 1930ల జోగిపేటల సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి సభ, 1944ల మన భువనగిరిల రావి నారాయణరెడ్డి అధ్యక్షతన పదకొండోది. రెండేండ్లకు, 1946 జులై 4న, కడవెండిల దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగిండు. పట్నంల మొదలైన ముచ్చట మన ఊర్లకు ఎట్ల దిగిందో ఇక్కడనే చెప్పాలె, ఇంకోచోట చెపితే అతకదు.

సుల్తాన్‌బజార్ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం చూపించు. 1901ల పెట్టింది. పెట్టినోళ్లల్ల మన పక్కన మునగాల రాజా నాయని వెంకటరంగారావు ఒకరు. తలుపు తెరిచే వేళ ముందే కనుక్కో.

తుర్రేబాజ్ ఖాన్ స్మారకం కోఠి బస్‌స్టాపు కాడ ఉన్నది. హారన్ల మోతల నీ గొంతు వినపడదు. చెప్పేది ముందే ఏదన్న గల్లీల చెప్పి, అక్కడ చూపించి కదులు. ఆయనకు అండమాన్ శిక్ష వేస్తే 1859 జనవరిల జైలునుంచి తప్పించుకున్నడు. తూప్రాన్ కాడ చంపి, శవాన్ని రెసిడెన్సీ దగ్గర వేలాడదీసిన్రు. ఇది దాచకుండ చెప్పు.

ఆ రెసిడెన్సీ తర్వాత మహిళా కళాశాల అయింది, ఇప్పుడు విశ్వవిద్యాలయం. 2024ల దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిన్రు. పాలకుర్తిల నాలుగెకరాల కోసం దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన తల్లి పేరు ఆ గేటు మీద పిల్లలతోనే చదివించు. ఓపిక మిగిలితే కాచిగూడ దిక్కు లింగంపల్లి చౌరస్తా దాక పోవచ్చు. ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టుల రజాకార్లు నరికింది అక్కడనే. ఎండ ముదిరితే ఇది వదిలెయ్యి.

ఇరవై మందిని మించి తీసుకపోకు. ముందొకరు, వెనకొకరు పెద్దోళ్లుండాలె. రోడ్డు సిగ్నల్ కాడనే దాటున్రి, సగం గుంపు ఇవతల చిక్కుకుంటే వెనకున్న పెద్దమనిషి అక్కడనే ఆపాలె. తలా లీటరు నీళ్లు పెట్టించు. విశ్వవిద్యాలయం లోపలికి అనుమతి కావాలె కనుక హెడ్మాస్టరు సంతకంతో, పిల్లల సంఖ్య, తేదీ, వేళ రాసి ఉత్తరం ఈ వారమే పంపు. జవాబు రాకపోతే గేటు బయటినుంచే చూపించు, నడక మాత్రం ఆపకు.