చార్టర్ బడి పెట్టబోతున్న సుధకు పెద్దమ్మ ఉత్తరం

సెయింట్ పాల్, మిన్నెసోటా

చి.సౌ. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

డాలస్ దగ్గర నువ్వూ, నీ స్నేహితులూ కలిసి చార్టర్ బడి, అంటే ప్రభుత్వ డబ్బుతో మీరే నడుపుకునే బడి, పెట్టాలనుకుంటున్నామని, దరఖాస్తు చిత్తుప్రతి చదివి అభిప్రాయం చెప్పమని రాశావు. రెండుసార్లు చదివాను. బడి పేరు, యూనిఫారం, రోబోటిక్స్ గది గురించి నాలుగు పేజీలు రాశారు కాని, ఈ బడి ఏ పిల్లల కోసమో చెప్పే వాక్యం ఒక్కటీ నాకు కనబడలేదు. తొమ్మిదేళ్ళు ఇక్కడ ఒక చార్టర్ బడి బోర్డులో కోశాధికారిగా పనిచేసి, చివరికి దానికి తాళం వేసిన రోజు కూడా అక్కడే ఉన్నదాన్ని కనుక, నా మాట కొంచెం ఓపికగా విను.

ముందు ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో నీకు తెలియాలి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన రే బడ్డీ 1970లలోనే, కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒక ప్రణాళికతో ముందుకు వస్తే ఆ ప్రాంతపు ప్రభుత్వ బళ్ళను నడిపే పాఠశాలల జిల్లా ఆ ఉపాధ్యాయులకు కొన్నేళ్ళ గడువుతో అధికారపత్రం, అంటే చార్టర్, ఇవ్వాలని ప్రతిపాదించాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 1988 మార్చిలో ఉపాధ్యాయ సంఘం నాయకుడు ఆల్బర్ట్ షాంకర్ వాషింగ్టన్‌లో ప్రసంగిస్తూ, మామూలు బడిలో ఇమడలేని పిల్లల కోసం ఉపాధ్యాయులే కొత్త బళ్ళు నడిపే అవకాశం ఉండాలన్నప్పుడు దానికి ఊపు వచ్చింది. 1991లో మా మిన్నెసోటా సెనేటర్ ఎంబర్ రైక్‌గాట్ చొరవతో మొదటి చట్టం వచ్చింది. అది అనుమతించింది 8 బళ్ళను మాత్రమే. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఈ సెయింట్ పాల్‌లోనే సిటీ అకాడమీ తెరుచుకుంది. చదువు మధ్యలో మానేసిన యువతీయువకుల కోసం పెట్టిన బడి అది. లాభం కోసం బళ్ళు నడిపే కంపెనీలు ప్రవేశించాక షాంకరే ఈ ఉద్యమానికి దూరమయ్యాడు. ఆయన బాధ న్యాయమైనదేనని నా నమ్మకం. ఏ పిల్లల కోసం అన్న ప్రశ్నతో మొదలైన పని ఇది, నీ దరఖాస్తు కూడా అక్కడి నుంచే మొదలు కావాలి.

చార్టర్ అనగానే మనవాళ్ళు కొందరు ప్రైవేటు బడి అనుకుంటారు, మరికొందరు మన ఎయిడెడ్ బడితో పోలుస్తారు. ఇది ప్రభుత్వ బడే, ఫీజు ఉండదు. మన గురుకులాల్లోలాగా ప్రవేశపరీక్ష పెట్టి తెలివైనవాళ్ళను ఏరుకోవడానికి వీల్లేదు. సీట్లకు మించి దరఖాస్తులు వస్తే లాటరీ తీయాలి. నీ చిత్తుప్రతిలో 'ప్రతిభ గల విద్యార్థులు' అన్న మాట మూడుచోట్ల ఉంది, మూడుచోట్లా కొట్టెయ్యి. లాటరీలో పేరు వచ్చిన పిల్లవాడికి ఆటిజం ఉంటే అతనికి కావలసిన టీచరునూ, చికిత్సకులనూ ఏర్పాటు చేయడం మీ చట్టబద్ధమైన బాధ్యత. ఆ ఖర్చుకు మీ బడ్జెట్‌లో ఒక్క పద్దు కూడా లేదు.

ఇక డబ్బు సంగతి. మా మూడో ఏడు 180 మంది వస్తారని బడ్జెట్ వేసుకున్నాం. అక్టోబరులో నేనూ, ప్రిన్సిపాలూ గది గదికీ తిరిగి లెక్కపెడితే 141 మంది ఉన్నారు. రాష్ట్రం పిల్లల లెక్కనే డబ్బిస్తుంది కనుక తక్కువైన 39 మంది తాలూకు డబ్బు రాదు, భవనం అద్దె మాత్రం పైసా తగ్గదు. పదేళ్ళ లీజు మీద సంతకం పెట్టిన బోర్డులో నేనూ ఉన్నాను. ఒక బస్సు రూటు ఆపాం, సంగీతం టీచరును మాన్పించాం. బస్సు ఆగిన వీధుల నుంచి మరో పదిమంది మానేశారు. ఆ గొయ్యిలోంచి మేము మళ్ళీ పైకి రాలేదు. మీ టెక్సాస్‌లో ఇంకా కష్టం: పేరు నమోదైతే చాలదు, పిల్లలు హాజరైన రోజుల సగటును బట్టే రాష్ట్రం డబ్బిస్తుంది, పైగా జిల్లాలకున్నట్టు స్థానిక ఆస్తిపన్ను వసూలు చేసుకునే హక్కు చార్టర్‌కు లేదు.

చార్టర్ గడువున్న కాగితం. మీకు మొదటి గడువు 5 ఏళ్ళు. అందుకే బడి మూసేయవలసి వస్తే ఏం చేస్తారో ఇప్పుడే రాసిపెట్టండి. మేము రాసుకోలేదు. చివరి వారంలో మార్కుల రికార్డుల పెట్టెలు ముందేసుకుని కూర్చుంటే, ఒక సోమాలీ తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చి, "సెప్టెంబరులో వీణ్ణి ఎక్కడికి పంపను?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఒహైయోలో ఒక పెద్ద ఆన్‌లైన్ చార్టర్ 2018 జనవరిలో, చదువుల మధ్యలో మూతపడి వేలాది పిల్లలు రోడ్డున పడ్డారన్న వార్త విన్నప్పుడు ఆ తల్లి ముఖమే గుర్తొచ్చింది.

ఇకముందు ఎలా ఉంటుందని అడిగావు. 2021-22 నాటికి దేశంలో సుమారు 7,800 చార్టర్ బళ్ళు, వాటిలో సుమారు 37 లక్షల మంది పిల్లలు ఉన్నారు. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలోని క్రెడో అనే పరిశోధన సంస్థ 2009లో పోల్చిచూసినప్పుడు గణితంలో 17 శాతం చార్టర్‌లు పక్కనున్న మామూలు ప్రభుత్వ బళ్ళకన్నా మెరుగ్గా, 37 శాతం అధ్వాన్నంగా ఉన్నాయి. 2023 నివేదికలో మాత్రం చార్టర్ పిల్లలు సగటున చదవడంలో 16 రోజులు, గణితంలో 6 రోజుల చదువుకు సమానమైన ముందంజలో ఉన్నారు. ఆన్‌లైన్ బళ్ళ పిల్లలు చాలా వెనకబడ్డారు. చార్టర్ అన్న పేరుతోనే చదువు రాదని నేను అందులో గ్రహించాను. మీ గుంపులో ఆన్‌లైన్ శాఖ పెడదామంటున్నవారికి ఆ నివేదిక చూపించు. న్యూ ఆర్లీన్స్‌లో కత్రినా తుపాను తరువాత దాదాపు అన్ని బళ్ళూ చార్టర్‌లయ్యాయి, మార్కులూ పెరిగాయి. కాని అందుకోసం వేలమంది ఉపాధ్యాయులను, సిబ్బందిని ఒక్కసారిగా తొలగించారు. మతసంస్థ చార్టర్ బడి నడపవచ్చా అన్న ఓక్లహోమా వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు 2025 మేలో 4-4గా చీలిపోవడంతో ఆ ప్రశ్న తేలలేదు, మళ్ళీ వస్తుంది. అదే నెలలో టెక్సాస్ గవర్నరు ప్రైవేటు బడి ఫీజుకు ప్రజాధనం ఇచ్చే చట్టంపై సంతకం చేశారు. దేశంలో 2007 తరువాత జననాలు తగ్గుతూ వచ్చాయి కనుక, తగ్గుతున్న పిల్లల కోసమే మీరూ, జిల్లా బడీ, ప్రైవేటు బడీ పోటీపడాలి.

అందువల్ల దరఖాస్తు పక్కన పెట్టి, ఈ నెల రోజులూ మీరు బడి పెట్టదలచిన వీధుల్లో తిరగండి. తెలుగు ఇళ్ళతో సరిపెట్టుకోకండి. అపార్ట్‌మెంటుల్లో, చర్చిల దగ్గర, లాండ్రీల దగ్గర తల్లిదండ్రులతో మాట్లాడి, ఇప్పుడున్న బడిలో ఏది అందడం లేదో వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. తరగతివారీగా ఎందరు నిజంగా పంపుతారో ఒక కాగితం మీద రాసుకో. అంతవరకు ఏ లీజు మీదా సంతకం పెట్టకు. ఆ కాగితం చేతికొచ్చాక ఫోన్ చెయ్యి, శనివారం పొద్దున్న ఇద్దరం కూర్చుని, వచ్చిన అంకెలో పావువంతు తీసేసి బడ్జెట్ మళ్ళీ వేద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ