కంపెనీ కష్టాల్లో పడితే మీవాడి చదువు మార్చాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ అయిపోయింది. గేమ్ డిజైన్ డిగ్రీయే చేస్తానని పట్టుబట్టాడు. యూబీసాఫ్ట్ అంతటి ఫ్రాన్స్ గేమ్ కంపెనీయే చైనా టెక్ కంపెనీ టెన్సెంట్ డబ్బుతో నెట్టుకొస్తోందట. పంపమంటారా, కంప్యూటర్ సైన్స్‌లో చేర్చమంటారా?

జవాబు: పేర్లు మారతాయి గానీ ఈ భయం నాకు పాతదేనండీ. ముందు ఆ వార్త సంగతి చూద్దాం. 2018లో ఫ్రాన్స్ మీడియా సంస్థ వివెండి తన వాటా అమ్మేసి తప్పుకున్నప్పుడే టెన్సెంట్ యూబీసాఫ్ట్‌లో 5 శాతం కొంది. 2025లో అసాసిన్స్ క్రీడ్, ఫార్ క్రై, రెయిన్‌బో సిక్స్ సిరీస్‌లను వేరే అనుబంధ సంస్థ కిందికి తెచ్చి, అందులో దాదాపు పావు వాటాను 116 కోట్ల యూరోలకు టెన్సెంట్‌కి ఇచ్చారు. కంపెనీ మొత్తం చేతులు మారలేదు. పేరున్న ఆటలకే డబ్బు దొరికింది. మిగతా వాటిమీద పనిచేసేవాళ్ల గుండెల్లో గుబులు నిజమే. 2024 డిసెంబర్‌లో తన ఆన్‌లైన్ షూటింగ్ ఆట ఎక్స్‌డిఫయంట్‌ని ఆపేస్తున్నామని యూబీసాఫ్ట్ చెప్పినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కో, ఒసాకా స్టూడియోలకూ తాళం పడింది. పని చేతకాక కాదు, ఆ ఆటకు కావలసినంతమంది ఆడేవాళ్లు నిలవక.

నా అనుమానమల్లా ఆ డిగ్రీ మీదే. బ్రోచర్ నిండా పెద్ద ఆటల బొమ్మలుంటాయి. వాటిని తయారుచేసినవాళ్లలో ప్రోగ్రామర్లు, ఆర్టిస్టులు, టెస్టర్లే ఎక్కువ. డిజైనర్ కుర్చీలు కొన్నే, వాటిలో కొత్తవాళ్లకు దక్కేవి ఇంకా తక్కువ. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ముందు ‘నువ్వు చేసిన ఆట చూపించు’ అంటారు. ఒక్క గదిలో నడిచే ఆటైనా సరే. పాత్ర గోడలోంచి దూరిపోతుంటే ఎందుకో కనిపెట్టి సరిచేశాడా, మెనూ నుంచి చివరిదాకా ఆగకుండా నడుస్తోందా అన్నదే చూస్తారు.

కోపం తెచ్చుకోకండి, మీ ఉత్తరంలో టెన్సెంట్ గురించి ఉంది. మీవాడు ఇంతవరకూ ఏం తయారుచేశాడో ఒక్క ముక్క లేదు! ‘ఇక ఆపు’ అనడానికి తప్ప ఎప్పుడైనా వాడి పక్కన కూర్చున్నారా? వాడు ఆడుతున్నాడో, ఆటను విప్పి చూస్తున్నాడో తెలియకుండా ఫ్రాన్స్ కంపెనీ లెక్కలు మీకెందుకు?

కంప్యూటర్ సైన్స్‌లోనే చేర్చండి. లెక్కలు, సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష గట్టిగా వస్తే గేమ్ స్టూడియో తలుపు మూసినా వేరే సాఫ్ట్‌వేర్ పని దొరుకుతుంది. వాడి ఇష్టం వృథా పోదు, మీరు అనుకుంటున్నంత ప్రమాదమూ లేదు. కాలేజీ తెరిచేలోపు గొడో, యూనిటీ అనే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకదానితో చిన్న ఆట ఒకటి పూర్తిచేయమనండి. చేశాక మొదట మీరే ఆడి, ఎక్కడ విసుగొచ్చిందో వాడికి చెప్పండి.