వరద సామాన్లతో ఎగ్జిబిషన్ పెడతానంటోంది మా అమ్మాయి: క్యూరేటర్ పనితో బతుకు గడుస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. స్టేషనరీ షాపు ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు ఇల్లు, షాపు రెండూ మునిగాయి. ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాం. మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) పూర్తి చేసింది. క్యూరేటర్, అంటే ఎగ్జిబిషన్‌కు వస్తువులు ఎంచి, కూర్చి, నడిపించే మనిషి అవుతానంటోంది. వరదలో పాడైన సామాన్లు వీధిలో వాళ్ల దగ్గర అడిగి తెచ్చి ఎగ్జిబిషన్ పెడతానంటోంది. కరోనా వచ్చినా, యుద్ధం వచ్చినా, వరద వచ్చినా ముందు మూతపడేవి ఇలాంటివే కదా? పైగా జనం కష్టాన్ని గోడకు తగిలించి చూపించడం సబబేనా? ఎంఏకు పంపమంటారా, బీఈడీ చేయించమంటారా?

జవాబు: నమస్కారమండి. మీ భయంలో నిజం ఉంది. లాక్‌డౌన్ మొదలైన కొద్ది రోజులకే, 2020 మార్చి చివర్లో, న్యూయార్క్‌లోని మోమా (మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్) అంతటి మ్యూజియం కాంట్రాక్ట్ మీద పనిచేసే ఎడ్యుకేటర్ల (చూడవచ్చినవాళ్లకు కళ గురించి చెప్పేవాళ్ల) ఒప్పందాలు రద్దు చేసింది. మన దగ్గర కొచ్చి బినాలే (రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన) 2020 డిసెంబర్‌లో జరగాల్సింది, కరోనా వల్ల 2022కు వెళ్లింది. ఆ ఏడాది కూడా డిసెంబర్ 12న తెరవాల్సింది చివరి నిమిషంలో 23కు మారింది. నెల జీతం లేకుండా ప్రాజెక్టు డబ్బుతో బతికే క్యూరేటర్‌కు, ఎగ్జిబిషన్ తేదీ మారిందంటే ఇంటి అద్దె తేదీ కూడా మారాలి. ఓనరు మార్చడు కదా. కాబట్టి మీరు అడిగింది తప్పేం కాదు.

అయితే గదులు మూతపడినప్పుడు కూడా ఈ పని ఆగలేదన్నది కూడా అంతే నిజం. బెంగళూరులోని మ్యాప్ (మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ) కొత్త భవనం తెరవకముందే కరోనా వచ్చింది. వాళ్లు 2020 డిసెంబర్‌లో ఆన్‌లైన్‌లోనే మ్యూజియం మొదలుపెట్టారు. జనం లోపలికి అడుగుపెట్టింది 2023 ఫిబ్రవరిలో. ఆ రెండేళ్లకు పైగా వస్తువులను ఫొటోలు తీసేవాళ్లు, వాటి వివరాలు రాసేవాళ్లు, ఆన్‌లైన్ ప్రదర్శనలు తయారుచేసేవాళ్లు కావాల్సి వచ్చింది. 2022 వెనిస్ బినాలే క్యూరేటర్ సిసిలియా అలెమాని చాలామంది కళాకారుల స్టూడియోలను జూమ్ కాల్‌లోనే చూడాల్సి వచ్చింది. అలాగే రెండు వందలకు పైగా కళాకారులతో ఎగ్జిబిషన్ నిలబెట్టింది.

ఆ బినాలేలోనే ఉక్రెయిన్ పెవిలియన్ (ఆ దేశం తరఫున పెట్టే ప్రదర్శన) సంగతి మీ అమ్మాయికి తప్పక చెప్పండి. క్యూరేటర్ పని ఏమిటో నాకు ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ తెలియదు. ఖార్కివ్ కళాకారుడు పావ్లో మాకోవ్ చేసిన ఫౌంటెన్ అక్కడ పెట్టాలి. పైన ఒక లోహపు గరాటు, దాని కింద రెండు, ఆ కింద మూడు, అలా పిరమిడ్ ఆకారంలో మొత్తం 78 గరాట్లు. పైన పోసిన నీళ్లు చీలిపోతూ చీలిపోతూ కిందికి వచ్చేసరికి చుక్కలే మిగులుతాయి. మాకోవ్‌కు ఈ ఆలోచన 1995లోనే వచ్చింది. వెనిస్‌కు ఇంకా రెండు నెలల టైముంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైంది. ముగ్గురు క్యూరేటర్లలో ఒకరైన మరియా లాంకో ఆ సాయంత్రమే గరాట్లను మూడు పెట్టెల్లో సర్ది, కారులో వేసుకుని కీవ్ నుంచి బయల్దేరింది. రొమేనియా, హంగేరీ మీదుగా ఆస్ట్రియా, అక్కడి నుంచి ఇటలీ. మరో క్యూరేటర్ లిజవేటా గెర్మన్ నిండు గర్భిణి, ల్వీవ్‌లో ఉండిపోయింది. కళాకారుడు ఖార్కివ్‌లో బాంబుల మధ్య ఉన్నాడు. గరాట్లను నిలబెట్టే చట్రాన్ని మాత్రం ఇటలీలో మళ్లీ తయారు చేయించారు. ఏప్రిల్‌లో బినాలే తెరిచేనాటికి ఫౌంటెన్ నీళ్లతో నడుస్తోంది.

ఇందులో ధైర్యం ఉంది, కాదనను. కానీ మీ అమ్మాయిని నేను చూడమనేది వేరే. ఆ పనిలో ఏ భాగం పోతే మళ్లీ రాదు, ఏ భాగాన్ని ఇంకో ఊళ్లో చేయించుకోవచ్చు అన్నది లాంకోకు తెలుసు. ఆ సాయంత్రం కూర్చుని ఆలోచించే టైము ఆమెకు లేదు. కొలతలు, బరువులు, ఏది దేనికి అతుకుతుంది అన్న వివరాలన్నీ ముందు నెలల్లోనే తేలి ఉండాలి. మామూలు రోజుల్లో కాగితాల మీద ఒళ్లు వంచి చేసిన పనే కష్టకాలంలో ఎగ్జిబిషన్‌ను బతికిస్తుంది. కాలేజీలో పిల్లలు క్యూరేటర్ అంటే కాన్సెప్ట్ నోట్ (ఎగ్జిబిషన్ వెనకున్న ఆలోచన చెప్పే కాగితం) రాసే మనిషి అనుకుంటున్నారు. నోట్ కావాలి, సరే. లోన్ అగ్రిమెంట్ (వస్తువును ప్రదర్శనకు అరువు తీసుకునే ఒప్పందం), కండిషన్ రిపోర్ట్ (తీసుకున్నప్పుడు వస్తువు ఏ స్థితిలో ఉందో రాసుకునే కాగితం), ఇన్సూరెన్స్, ప్యాకింగ్, రవాణా, కరెంటు లోడు ఇవి తెలియకపోతే ఆ నోట్ ఎంత బాగున్నా గోడ మీదికి రాదు.

ఇక మీ రెండో ప్రశ్న. జనం కష్టాన్ని చూపించడం సబబేనా అని. నాకైతే ఈ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇదే. చాలామంది క్యూరేటర్లు దీన్ని తమకు తాము వేసుకోరు.

2018 ఆగస్టులో కేరళ వరదలు వచ్చాయి. నాలుగు నెలలకే, డిసెంబర్ 12న, అనితా దూబే క్యూరేటర్‌గా కొచ్చి బినాలే తెరవాలి. అప్పుడూ మీలాగే అడిగినవాళ్లున్నారు, ఇళ్లు కట్టుకోవాల్సిన టైములో ఇదేంటని. బినాలే ఆగలేదు. అందులో బంగ్లాదేశ్ కళాకారిణి మార్జియా ఫర్హానా వరదలో పాడైన ఇంటి సామాన్లనే తెచ్చి, గదిలో పైనుంచి వేలాడదీసి ఇన్‌స్టలేషన్ (గది మొత్తాన్నీ వాడుకునే కళాకృతి) చేసింది. వార్తల్లో వరదంటే హెలికాప్టర్ నుంచి తీసిన నీళ్లు. ఇక్కడ మనిషి తల మీద వేలాడుతున్నది ఎవరో కూర్చున్న కుర్చీ. మునిగిన ఊళ్లవాళ్లు కూడా వచ్చి చూడగలిగే దూరంలో ఉంది ఆ గది. అది నాకు ముఖ్యం. వరదను అనుభవించినవాళ్లు రాలేని చోట, వాళ్లకు చెప్పకుండా పెడితే మాత్రం మీరన్నట్టే అది సబబు కాదు.

అందుకని మీ అమ్మాయి చేయాల్సింది ఇది. సామాను తీసుకునేటప్పుడు ప్రతి వస్తువుకూ ఒక కాగితం ఉండాలి. ఉదాహరణకు ఒక పెళ్లి ఆల్బం అనుకోండి. ఎవరిది, ఏ రోజు తీసుకున్నాం, ఎన్ని పేజీలు, ఏ పేజీలో బూజు ఉంది, అట్ట ఎక్కడ ఊడింది, ముందూ వెనుకా ఫొటోలు. యజమాని పేరు బయట పెట్టొచ్చా, వద్దా. ఫొటోలో ఉన్న మిగతావాళ్లు ఒప్పుకున్నారా. ఏ తేదీన తిరిగి ఇస్తాం. మధ్యలో మనసు మారితే వెంటనే ఇచ్చేస్తాం అన్న మాట, కింద సంతకం. ఒక కాపీ వాళ్లకు. తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయిన ఫొటోలను చేత్తో లాగకూడదు, రంగు పొర ఊడి వచ్చేస్తుంది. బూజు పట్టినవాటిని ప్లాస్టిక్ కవర్లో మూటకట్టకూడదు. గ్లవ్స్, మాస్క్ వేసుకుని, గాలి ఆడే నీడపట్టున, మిగతా సామానుకు దూరంగా పెట్టాలి. ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, పెద్ద మ్యూజియంలో రిజిస్ట్రార్ అనే ఉద్యోగి చేసే పని ఇదే. ఎగ్జిబిషన్లు లేని నెలల్లో కూడా సేకరణ ఉన్న సంస్థలకు ఈ పని తెలిసినవాళ్లు కావాలి.

చదువు విషయానికొద్దాం. బీఎఫ్ఏ తర్వాత నేరుగా క్యూరేటర్ అయిపోవడం కష్టం. కళాచరిత్రలో ఎంఏ అవసరం. బరోడా ఎంఎస్ యూనివర్సిటీ, శాంతినికేతన్ కళాభవన్, ఢిల్లీ జేఎన్‌యూలోని స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్థటిక్స్ ఈ మూడూ మంచి పేరున్నవి. జేఎన్‌యూకు సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో మ్యూజియాలజీ (మ్యూజియం నిర్వహణ చదువు), కన్జర్వేషన్ (పాత వస్తువులను పాడవకుండా కాపాడే చదువు) ఉన్నాయి. మీ అమ్మాయి ఆసక్తి చూస్తే, ఇంటి పరిస్థితి చూస్తే, నేనైతే ఈ చివరిదాన్ని కూడా అంతే గట్టిగా పరిశీలించమంటాను. ప్రభుత్వ మ్యూజియంలలో క్యూరేటర్ పోస్టులకు మ్యూజియాలజీ, చరిత్ర, పురావస్తు శాస్త్రం చదివినవాళ్లకే ఎక్కువగా అర్హత ఉంటుంది. సమకాలీన కళ వైపు పర్మినెంటు ఉద్యోగాలు మన దేశంలో చాలా తక్కువ, ప్రాజెక్టులే ఎక్కువ. అనుభవానికి కొచ్చి స్టూడెంట్స్ బినాలే, ఢిల్లీలోని ఖోజ్ లాంటి కళా సంస్థల ప్రకటనలు చూస్తూ ఉండమనండి. ఊళ్లో ఉన్నన్నాళ్లూ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంకు నోట్‌బుక్ పట్టుకుని వెళ్లి, వస్తువు పక్కన లేబుల్ ఏ ఎత్తులో ఉంది, లైటు ఎటు పడుతోంది, పిల్లలు ఎక్కడ ఆగుతున్నారు అని రాసుకోవడం కూడా చదువే.

డబ్బు మాట దాచకుండా చెబుతాను. షాపు ఇంకా నిలదొక్కుకోలేదన్నారు. విదేశీ క్యూరేటింగ్ కోర్సు కోసం ఇప్పుడు అప్పు చేయొద్దు. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు మీకు అందుబాటులో ఉంటుంది. ఎంఏ చేస్తూనే కేటలాగ్ ఎడిటింగ్, తెలుగు-ఇంగ్లీష్ అనువాదం, డిజిటల్ ఆర్కైవింగ్‌లో ఏదో ఒకటి డబ్బులొచ్చేంత బాగా నేర్చుకోవాలి. తెలుగులో కళ గురించి శుభ్రంగా రాయగలవాళ్లు చాలా తక్కువమంది ఉన్నారు, అది ఆమెకు కలిసొస్తుంది. ఎంఏ తర్వాత మూడేళ్లు టైమివ్వండి. అప్పటికీ ఏడాదిలో సగం నెలలైనా సొంత ఖర్చు తను పెట్టుకోలేకపోతే అప్పుడు బీఈడీ గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఇప్పుడే బీఈడీలో వేస్తే మనసు లేని చదువవుతుంది, పాఠం చెప్పించుకునే పిల్లలకూ అది మంచిది కాదు.

వరద ఎగ్జిబిషన్ మాత్రం ఆపించకండి. పది పన్నెండు వస్తువులు, ఒక గది, నాలుగు రోజులు చాలు. సింగ్‌నగర్‌లోనే పెట్టమనండి, స్కూలు హాలైనా సరే. సామాను ఇచ్చిన కుటుంబాలకు ఒక రోజు ముందే తెరిచి చూపించాలి. ఎవరికైనా నచ్చకపోతే ఆ వస్తువు అక్కడి నుంచి తీసేయాలి. ఆ కండిషన్ రిపోర్టులు, గది ప్లాను, ఖర్చుల లెక్క, వచ్చినవాళ్లు అన్న మాటలు అన్నీ ఫైలు చేసుకుంటే ఎంఏ ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకంటే మంచి పోర్ట్‌ఫోలియో ఉండదు.

మొదటి కొన్ని ఇళ్లకు మీరు కూడా వెంట వెళ్లండి. ఏళ్ల తరబడి వాళ్ల పిల్లలకు నోటుపుస్తకాలు అమ్మిన మనిషి మీరు, ఏ ఇంట్లో ఏం పోయిందో మీకు తెలుసు. అడగకూడని ఇల్లు ఏదో కూడా మీకే తెలుస్తుంది. రసీదు పుస్తకం మీ షాపులోదే తీసుకెళ్లండి, డూప్లికేట్ కాపీ ఉన్నది.