లాక్‌డౌన్‌లో పెట్టిన 188 కేసు పాస్‌పోర్ట్‌కి అడ్డమా?
అన్నా కంగారుపడకు. 2020 లాక్‌డౌన్‌లో మీ తమ్ముడు బ్రాడీపేటలో టిఫిన్ బండి తీశాడని ఐపీసీ 188 కింద, అంటే సర్కారు ఆఫీసర్ ఆర్డర్ మీరాడని, ఎఫ్‌ఐఆర్ కట్టారు, అదిప్పుడు పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌లో తేలింది, అంతేగా.

అప్పుడు వాడింది 1897 నాటి అంటువ్యాధుల చట్టం, బొంబాయి ప్లేగు టైమ్‌లో తెల్లోళ్లు తెచ్చింది, సెక్షన్ 2 రాష్ట్రానికి దాదాపు ఏ రూలైనా పెట్టే పవర్ ఇస్తే సెక్షన్ 3 మీరినోళ్లని ఐపీసీ 188కి అప్పజెప్పుద్ది. మెలికేంటంటే, పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టొచ్చు గానీ అప్పటి సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చట్టం) 195 ప్రకారం ఆర్డర్ ఇచ్చిన ఆఫీసరో ఆయన పైవాళ్లో రాతపూర్వకంగా కంప్లైంట్ ఇస్తేనే కోర్టు కేసు తీసుకోవాలి, ఉత్త చార్జిషీట్ చాలదు, హడావుడిలో ఇదెవరు పట్టించుకున్నారు చెప్పు!

ముందు ఈకోర్ట్స్‌ (కోర్టు కేసులు చూసుకునే వెబ్‌సైట్)లో గుంటూరు జిల్లా పెట్టి ఎఫ్‌ఐఆర్ నంబర్‌తో వెతుకు. కేసు నంబర్ రాకపోతే స్టేషన్‌లో స్టేటస్ అడుగు, చెప్పకపోతే ఆర్టీఐ పెట్టు. పాస్‌పోర్ట్ చట్టంలో అడ్డం కోర్టులో పెండింగ్ ఉన్న క్రిమినల్ కేసే, ఉత్త ఎఫ్‌ఐఆర్ కాదు. కోర్టుకెళ్లి ఉంటే అక్కడే పర్మిషన్ ఆర్డర్ అడగొచ్చు, లేదా 195 పాయింట్ మీద హైకోర్టులో క్వాష్ (కేసు కొట్టేయమనే) పిటిషన్ వేయించు. ఎఫ్‌ఐఆర్‌లో డిజాస్టర్ మేనేజ్‌మెంట్ యాక్ట్ సెక్షన్ 51 కూడా ఉందేమో చూసి చెప్పు, దానికి రూల్ వేరే.